నూట పదమూడో పేజీ

"వీటిని ఎవరు కత్తిరించారు?"

లాయరమ్మ ఆ ఒక్క మాట అడిగేసరికి దుకాణంలో ఇస్త్రీపెట్టె తప్ప అన్నీ చల్లబడ్డాయి.

కోతబల్ల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుని, అంచు దాటి కిందికి వేలాడుతోంది కాగితాల చుట్ట. ఫోన్లో ఉన్న మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, నూట తొమ్మిది కాగితాల మీద ప్రింట్ వేయించి, పైనా కిందా శుభ్రంగా కత్తిరించి, ఒకదానికొకటి అతికించి, ఆ అతుకుల మీద మిషను కుట్టు కూడా వేసిన చుట్ట అది. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. దారం కూడా తెల్లది, కాగితంలో కలిసిపోయేలా చూసి వేసింది. రెండు రోజుల పని.

మూల స్టూలు మీద కూర్చుని గుండీలు కుడుతున్న తల్లి, అదేదో మెప్పు అనుకుంది. ఇంకెవరు, మా అమ్మాయే, దాని చేతిలో పడితే కాగితమైనా బట్టలా కుదురుతుందని మురిసిపోయింది. లాయరమ్మ నవ్వలేదు. తల్లి నోరు మూసుకుని మళ్ళీ గుండీ మీదికి వంగింది.

ఆ అమ్మాయిని వీధి వీధంతా కత్తెర అంటారు. చేతిలో ఉన్నదాన్ని చూసి కొందరు, నోట్లో ఉన్నదాన్ని చూసి కొందరు. ముప్పై ఆరేళ్ళ మనిషి. ఇద్దరు పనివాళ్ళు చేసే పని ఒక్కతే చేస్తుంది, నలుగురు అనే మాటలు ఒక్కతే అనేస్తుంది. అలాంటి మనిషి ఇప్పుడు మెడలో టేపు వేసుకుని, లాయరమ్మ ముఖం కేసి చూస్తూ, తను చేసిన తప్పేమిటో అర్థం కాక నిలబడింది.

"బావుండాలని కత్తిరించాను మేడమ్," అంది. "ప్రతి కాగితం మీదా పైన ఆ గడియారం, బ్యాటరీ బొమ్మ, పేరూ, అవన్నీ దండగ. కింద రెండు మూడు మెసేజ్‌లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఒకసారి వచ్చింది రెండోసారి దేనికి? జడ్జిగారికి చదవడానికి సుఖంగా ఉంటుందని అన్నీ తీసేశాను."

లాయరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. నెమ్మదిగా తన నల్ల కోటు విప్పి, లోపలి వైపు పైకి తిప్పి, బల్ల మీద పరిచింది. ఆ కోటు కుట్టింది కత్తెరే. రెండేళ్ళలో దాన్ని రెండుసార్లు వదులు చేసింది కూడా కత్తెరే. లాయరమ్మకు కేసులతో పాటు ఒళ్ళూ పెరుగుతోంది మరి.

"దీన్ని వదులు చేయడానికి మీకెలా వీలయింది?"

"కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలాను కాబట్టి."

"మరి నా కోటుకు వదిలిన గుడ్డ మీ కేసుకు ఎందుకు వదల్లేదు?"

ఆ తర్వాత లాయరమ్మ ఎంతో చెప్పనక్కర్లేకపోయింది గాని, చెప్పింది. ఒక కాగితం కింద వచ్చిన మెసేజ్ తర్వాతి కాగితం పైన మళ్ళీ రావాలి. అలా వస్తేనే నడుమ ఏదీ తీయలేదని తెలుస్తుంది. పైన తేదీ ఉండాలి, టైము ఉండాలి. పేరు కాదు, నంబరు కనబడాలి, ఎందుకంటే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. అదంతా కత్తిరించి పారేస్తే, ఇక మిగిలింది ఎవరో ఎవరికో ఎప్పుడో రాసిన మాటలు. అవతలి లాయరు లేచి, అయ్యా ఇది సాక్ష్యం కాదు, చేతిపని అంటాడు.

కత్తెరకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గుడ్డ వదలకుండా కత్తిరించడమంటే ఆమె దుకాణంలో పాపంతో సమానం. పనికొచ్చిన పిల్లకు మొదటి రోజు నేర్పే పాఠం అది. ఆ పాఠం తనే, అందునా తన కడుపు చించుకు పుట్టిన పిల్ల కేసులో మరిచిపోయింది.

ఆ పిల్లను ఇంట్లో బొత్తాం అంటారు. తొమ్మిదేళ్ళు. బుగ్గలు గుండ్రంగా ఉంటాయని ఆ పేరు అమ్మమ్మ పెట్టింది. పద్నాలుగు వారాల కిందట, సెలవుల్లో పది రోజులు నా దగ్గర ఉంచుకుంటానని, విడిగా ఉంటున్న తండ్రి తీసుకెళ్ళాడు. అంతే, మళ్ళీ పంపలేదు. పైగా కోర్టుకెక్కాడు. తల్లికి పిల్ల మీద ధ్యాస లేదు, ఇన్నాళ్ళలో ఒక్కసారైనా పిల్ల ఎలా ఉందని అడగలేదు, కాబట్టి పిల్లను శాశ్వతంగా నాకే ఇప్పించండి అని రాయించాడు.

ఒక్కసారైనా అడగలేదట. రోజూ సాయంత్రం ఆరింటికి మిషను ఆపగానే కత్తెర చేసే పని అదే. పాప అన్నం తిందా, పాపకు దగ్గు తగ్గిందా, ఒక్క నిమిషం పాపకు ఫోన్ ఇవ్వండి. జవాబు వస్తే వారానికొకటి, అదీ రెండు ముక్కలు. అవన్నీ ఈ నూట తొమ్మిది కాగితాల్లో ఉన్నాయి. సోమవారం పొద్దున పదకొండు లోపల కోర్టుకు చేరితే బొత్తాం ఇంటికొచ్చే దారి పడుతుంది. చేరకపోతే, ఆ అబద్ధమే నిజంగా నిలబడిపోతుంది. ఈరోజు శుక్రవారం.

"పోనీలెండి, స్క్రీన్‌షాట్లు మళ్ళీ తీస్తాను," అంది కత్తెర, దిగులు దులిపేసుకుంటూ. "కత్తిరించినవి కాగితాలే కదా. ఫోన్ కాదు కదా. సాయంత్రానికల్లా నూట తొమ్మిదీ మీ బల్ల మీద ఉంటాయి."

లాయరమ్మ చెయ్యి చాచింది. ముందు ఫోన్ ఇమ్మంది.

ఫోన్ తెరిచి, ఆ పేరు చూసి, ఒక్క క్షణం ఆగింది. మొగుడి నంబరు 'దండగ' అన్న పేరుతో ఉంది. కత్తెర గోడ కేసి చూసింది. పైన పేరు కత్తిరించడానికి అదీ ఒక కారణమేనా అని లాయరమ్మ అడిగితే, అదే మొదటి కారణం అని తల్లి మూలనుంచి సాక్ష్యం చెప్పింది. లాయరమ్మకు ఈసారి నవ్వు ఆగలేదు. పేరు తీసేయించి, ఉత్త నంబరు కనబడేలా పెట్టించింది. తర్వాత వేలితో పైకి తోస్తూ, ఒక్కో తేదీ పైకి చదువుతూ వెళ్ళింది. పన్నెండు. పదమూడు. పద్నాలుగు. పదహారు.

వేలు ఆగింది. వెనక్కు తోసింది. మళ్ళీ ముందుకు తోసింది.

"పదిహేనో తారీకు ఏమైంది?"

మాటకు మాట అప్పజెప్పే మనిషి, సూదుల డబ్బా మూత తీసింది, పెట్టింది.

"రోజూ రాసేదాన్నన్నారు. ఆ ఒక్కరోజు లేదు. మీరు తీసేశారా?"

"నేను తీయలేదు. ఒట్టు."

"మరి?"

"దానంతటదే పోయింది."

లాయరమ్మ ఫోన్ బల్ల మీద పెట్టేసింది. గొంతు పెంచలేదు. ఈ కాగితాలతో పాటు కత్తెర ఒక అఫిడవిట్ మీద సంతకం పెట్టాలి. ఈ మెసేజ్‌లు నా ఫోన్లోవి, ఇందులో నేను ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు అని ప్రమాణం చేసి పెట్టే సంతకం. పదిహేనో తారీకు సంగతి తేలేదాకా తను ఆ కాగితం మీద కత్తెర చేత సంతకం పెట్టించదు. పైగా ఆ రోజుది ఏదైనా ఉంటే, అది అవతలి వాడి ఫోన్లో ఉండే ఉంటుంది. ఇప్పటిదాకా బయటపెట్టలేదంటే సోమవారానికి దాచుకున్నాడన్నమాట.

"మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ వస్తాను," అంది లేస్తూ. "నాకు మంచిది చెప్పనక్కర్లేదు. చెడ్డది చెప్పండి. చెడ్డది మన దగ్గరుంటే మందు వేసుకోవచ్చు. అవతలివాడి దగ్గరుంటేనే ప్రమాదం."

కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.

తల్లి గుండీ కుట్టడం ఆపి కూతురి కేసి చూసింది. కూతురు చుట్టను చుడుతోంది. సగం చుట్టి, వదిలేసి, మళ్ళీ మొదటినుంచి చుట్టింది.

"ఆ రోజేగా నువ్వు గౌను పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది," అంది తల్లి చివరికి.

ఆ రోజే. బొత్తాం పుట్టినరోజు. పసుపు గౌను, నడుముకు ముడి, ముందు తొమ్మిది గుండీలు. ఆ గేటు ముందు ముప్పావు గంట నిలబడింది కత్తెర. మొగుడు కిటికీలోంచే, పాప నిన్ను చూడనంటోంది, వెళ్ళిపో అన్నాడు. కిటికీ పక్క తెర కదిలింది. తెర వెనక పిల్ల ఉందని కత్తెరకు తెలుసు. ఉండీ బయటికి రాలేదు. గౌను గేటుకు తగిలించి ఇంటికొచ్చేసింది.

"వచ్చి ఏం చేశావ్?"

"మెసేజ్ పెట్టాను."

"ఏమని?"

కత్తెర తల్లి కేసి చూడలేదు. బల్ల మీదున్న సుద్దముక్కను చూస్తూ చెప్పింది. "మీరిద్దరూ ఒకటే. అసలు దాన్ని కనకపోయినా బాగుండేది. అని."

తల్లి సూదిని చొక్కాకే గుచ్చేసింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అనలేదు. నోరు జారినా గాల్లో కలిసిపోతుంది. వేలు జారితే తేదీతో సహా నిలిచిపోతుంది. పంపిన మరుక్షణం కత్తెరకు ఆ సంగతి తెలిసింది. తెలిసి, ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక, ఫోన్ తీసి ఇస్త్రీపెట్టె కేసి విసిరింది. తెర పగిలి నల్లబడిపోయింది. మర్నాడు మధ్యాహ్నం సిమ్ తీసి కొత్త ఫోన్లో వేయించింది. పాత ఫోన్ ఆఖరుగా దాచిన కాపీలోంచి పాత మెసేజ్‌లన్నీ కొత్త ఫోన్లోకి వచ్చాయి, పద్నాలుగో తారీకు రాత్రి దాకా. పదిహేను రాలేదు. ఆ మాట కనబడకపోయేసరికి, దేవుడే తుడిచేశాడనుకుని ఊపిరి పీల్చుకుంది. దేవుడికి అంత తీరిక ఉందా అని ఆ రోజు అడిగేవాళ్ళు లేకపోయారు.

"అందుకే తేదీలు కత్తిరించావా?" అంది తల్లి.

"లేదు. బావుండాలనే కత్తిరించాను." అబద్ధం చెప్పడం చేతకాక, "కత్తిరించాక మాత్రం హాయిగా అనిపించింది," అంది.

తల్లి తిడుతుందని ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు అనేసి తేలికపడేది. తల్లి తిట్టలేదు. గుండీకి దారం ముడి వేసి, పళ్ళతో కొరికి, చొక్కా మడత పెట్టి పక్కన పెట్టింది.

"ఆ మాట నేనూ అన్నాను నిన్ను," అంది. "నీకు పదకొండేళ్ళప్పుడు."

"పది."

తల్లి తలెత్తింది.

"పదేళ్ళు నాకు," అంది కత్తెర. "నాన్న కొత్త చొక్కా గుడ్డలోంచి బొమ్మకు లంగా కత్తిరించాను. అప్పుడన్నావు. నిన్ను కనకపోయినా బాగుండేదే అని. గుర్తుంది."

"తర్వాత నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. మర్నాడు నాకు కొత్త గౌను కుట్టావు."

తల్లి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంది. అవి తుడవడానికి అంతసేపు అక్కర్లేదు. తప్పయిందమ్మా అనడం ఆ రోజుల్లో రాలేదు, ఇప్పుడూ రావట్లేదు, గౌను కుట్టడమే వచ్చు నాకు అంది. కత్తెరకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ విద్య తనకూ బాగానే అబ్బింది. గేటుకు తగిలించిన పసుపు గౌనే సాక్షి.

లేచి ముఖం కడుక్కుంది. చెడ్డది చెప్పమంది కదా మేడమ్, చెడ్డదే చెప్తాను, దాచేది లేదు అంది. అయితే చెప్పడం వేరు, చూపించడం వేరు. పాత ఫోన్ ఉంటే చూపించొచ్చు. ఆ ఫోన్ ఎక్కడ పారేసిందో?

"పారేశావా? నెత్తిన కళ్ళు పెట్టుకున్నావా?" అంది తల్లి. "నీ చేతికిందే ఉంది కదే."

కోతబల్ల మీద, చుట్ట ఎగిరిపోకుండా ఒక మూల ఇనప కత్తెర, ఇంకో మూల ఆ పాత ఫోన్ పెట్టి ఉన్నాయి. గుడ్డ కత్తిరించేటప్పుడు జారకుండా కొసల మీద బరువులు పెట్టడం దర్జీల అలవాటు. పగిలిన ఫోన్ పారేయబుద్ధి కాక, పదకొండు వారాలుగా కత్తెర దాన్ని బరువుగా వాడుతోంది. రోజూ దాని పక్కనే ఊరందరి కొలతలూ కత్తిరించింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

లాయరమ్మకు ఫోన్ చేసింది. మంచి చెడ్డా మొత్తం చెప్పేసింది. లాయరమ్మ, ఆ ఫోన్ని అలాగే ఫొటో తీయండి, వెనకనున్న నంబరు పడేలా తీయండి, సిమ్ వేయొద్దు, నేను వచ్చేదాకా ఎవరినీ ఏదీ నొక్కనివ్వొద్దు, ఎదురుగా ఉన్న ఫోన్ల దుకాణానికి నేనే వస్తున్నాను అంది. గొంతులో కోపం లేదు. మూడింటికి రావలసిన మనిషి ఒంటిగంటకే వచ్చేసింది.

ఎదురు దుకాణంలో ఫోన్లు బాగుచేసే అతన్ని అందరూ డాక్టర్ అంటారు. అతను పాత ఫోన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, "ప్రాణం ఉందక్కా. ముఖమే పోయింది. కొత్త ముఖం వేస్తా," అన్నాడు. దీన్ని ఎవరి మీద విసిరారక్కా అని అడిగాడు. ఇస్త్రీపెట్టె మీద ఇది విసిరాను, నీ మీద ఏది విసరమంటావో చెప్పు అంది కత్తెర. అతను నోరు మూసుకుని స్క్రూలు విప్పాడు. లాయరమ్మ తన ఫోన్‌తో మొదటినుంచి వీడియో తీస్తూ నిలబడింది.

నలభై నిమిషాలు. తెర వెలిగింది.

పదిహేనో తారీకు మెసేజ్ మొదట కనబడింది. సాయంత్రం ఆరూ పది. ఆ మాట అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. కత్తెర కళ్ళు తిప్పుకోలేదు. తన పనే అది, తనే చూడాలి.

దాని కింద ఇంకొకటుంది.

పదహారో తారీకు, పొద్దున ఆరూ నలభై. మొగుడి నంబరు నుంచి వచ్చింది. తెర పగిలినా ప్రాణం ఉన్న ఫోన్, సిమ్ తీసేలోగా దాన్ని తీసుకుని లోపల దాచింది. ఇన్నాళ్ళూ ఆ మాటను తన కడుపులోనే పెట్టుకుని గుడ్డల మీద బరువుగా కూర్చుంది.

"అమ్మా నేను. నాన్న స్నానానికి వెళ్ళాడు. నువ్వు రోజూ రాస్తున్నావని నాకు తెలీదు. నాన్న చెప్పలేదు. ఇప్పుడు అన్నీ చదివాను. నిన్నటిది కూడా చదివాను. నేను నీకు వద్దా?"

డాక్టర్ నెమ్మదిగా లేచి, ఏదో పనున్నట్టు వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

కత్తెర ఏడవలేదు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది. పదకొండు వారాలు. పిల్ల ఒక ప్రశ్న అడిగి పదకొండు వారాలైంది. ఈ పదకొండు వారాలూ తను సాయంత్రం ఆరింటికి, పాప అన్నం తిందా అని రాస్తూనే ఉంది. ఆ మెసేజ్‌లు పిల్ల చూసిందో లేదో తెలియదు. అడిగిందానికి మాత్రం జవాబు వెళ్ళలేదు.

లాయరమ్మ రెండుసార్లు చదివింది. వృత్తి వృత్తే, ఆమె కళ్ళు మొదట నాలుగో వాక్యం మీదికి వెళ్ళాయి. నాన్న చెప్పలేదు. తల్లి రోజూ రాస్తోందని, ఆ రాతల్ని తండ్రి దాచాడని, పిల్లే రాసిచ్చింది. ఇంతకు మించిన సాక్ష్యం ఇంకోటి అక్కర్లేదు. కాకపోతే ఈ పేజీ వేస్తే దాని పైనున్నదీ వేయాలి. విడదీయడానికి వీల్లేదు.

"విడదీయొద్దు," అంది కత్తెర. "నేనన్నదీ వేయండి, అది అడిగిందీ వేయండి. రెండూ ఒకే కాగితం మీద పడాలి. ఈసారి కత్తెర నా చేతిలో ఉండదు."

తర్వాత ఒక సంగతి అడిగింది. ఆ ప్రశ్నకు ఇప్పుడు జవాబు రాయొచ్చా?

లాయరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ఫోన్ ఉన్నది ఆయన చేతిలో, చదివేది ఆయన, పిల్ల కాదు అంది. తెలుసు అంది కత్తెర. మా అమ్మ పాతికేళ్ళనుంచి ఒక మాట చెప్పలేక గౌన్లు కుడుతోంది, నాకు అంత ఓపిక లేదు అంది. లాయరమ్మ ఆలోచించి, సరే రాయండి, కానీ ఏది రాసినా నిండు కోర్టులో జడ్జిగారు పైకి చదువుతారనుకుని రాయండి అంది.

లాయరమ్మతో దుకాణానికి తిరిగొచ్చి, మిషను ముందు కూర్చుని, కొత్త ఫోన్లో రాసింది. కొట్టివేతలు లేకుండా ఒకేసారి రాసింది.

"బొత్తాం, నువ్వు అడిగింది అమ్మ ఈరోజే చూసింది. నువ్వు నాకు కావాలి. ఆ రోజు నేనన్న మాట తప్పు. కోపం నీ మీద కాదు, అయినా అనకూడదు. అమ్మదే తప్పు."

పంపింది. తల్లికి చదివి వినిపించింది. తల్లి విని, ఆఖరి ముక్క ఇంకోసారి చదవమంది. అమ్మదే తప్పు. చదివింది. అవును, అమ్మదే అంది తల్లి, సూదిలో దారం ఎక్కిస్తూ. అది ఏ అమ్మ సంగతో ఇద్దరూ అడగలేదు, చెప్పుకోలేదు. కత్తెర వెళ్ళి తల్లి పక్కన స్టూలు మీద ఇరుక్కుని కూర్చుంది.

పావుగంట కాలేదు. ఫోన్లో మెసేజ్ మోగింది. ఆ నంబరే.

మొగుడు ఫొటోగ్రాఫరు. ఫొటోల్లో మొటిమలు తీసేస్తాడు, పొట్టలు తీసేస్తాడు, పెళ్ళి ఫొటోల్లో అడ్డొచ్చిన బాబాయిలను సైతం తీసేస్తాడు. ఒకసారి తను తీసేస్తే ఇక లోకంలో ఎక్కడా లేదనుకోవడం అతని వృత్తిలో పుట్టిన జబ్బు. తన ఫోన్లో తీసేసింది అవతలి ఫోన్లో ఉంటుందని అతనికి తోచినట్టు లేదు. తోచేలోగా కోపం వచ్చేసింది.

"ఆ మెసేజ్ నీకెలా దొరికింది? నేను ఆ పొద్దునే తీసేశాను కదా. అప్పట్నించి దానికి ఫోన్ ముట్టుకోనివ్వట్లేదు. ఎవరిచ్చారు నీకు?"

కత్తెర చదివి, ఫోన్ లాయరమ్మ చేతిలో పెట్టింది.

లాయరమ్మ చదివి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని విన్నాం, గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని తేదీతో సహా సంతకం చేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను అంది. తల్లి గట్టిగా నవ్వింది. పద్నాలుగు వారాల తర్వాత ఆమె నవ్విన నవ్వు అది.

"స్క్రీన్‌షాట్ తీయండి," అంది లాయరమ్మ. "ఎలా తీస్తారు?"

"పైన తేదీ, టైమూ, నంబరూ ఉండాలి. కిందటి కాగితంలో ఆఖరిది దీని మొదట మళ్ళీ రావాలి. రెండు వేళ్ళ గుడ్డ వదలాలి."

పాత ఫోన్లోవి మూడు పేజీలు వాటి తేదీల మధ్యలో చేరాయి. నూట పన్నెండు. ఇది నూట పదమూడు. అయిదింటికల్లా అన్నీ ప్రింట్ అయి వచ్చాయి. ఒక్కటీ కత్తిరించలేదు. మూలన గడియారం, బ్యాటరీ బొమ్మ, అన్నీ ఉన్నాయి. చూడ్డానికి ఏమాత్రం అందంగా లేవు.

అఫిడవిట్ బల్ల మీద పెట్టింది లాయరమ్మ. ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు. కత్తెర పెన్ను అందుకుంది.

"సంతకానికి ముందు ఇంకొక్కటి వినండి," అంది లాయరమ్మ. ఆమె గొంతులో ఇందాకటి నవ్వు లేదు. "ఈ కాగితాలు చూశాక జడ్జిగారు మిమ్మల్నీ అడగరు, ఆయన్నీ అడగరు. పాపను పిలిపిస్తారు. తన గదిలోకి తీసుకెళ్ళి, ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడుగుతారు."

"ఏమని?"

"నీకు అమ్మ కావాలా అని."

పెన్ను కాగితం మీద ఆగింది.

బొత్తాం ఆఖరుగా చదివిన అమ్మ మాట, కనకపోయినా బాగుండేది అన్నదే కావచ్చు. దాని కింద తను అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్నకు వెళ్ళిన జవాబు ఇందాక తండ్రి చదివాడు, ఈపాటికి తీసేసి ఉంటాడు. సోమవారం ఆ గదిలోకి వెళ్ళే పిల్లకు, అమ్మకు తను కావాలని తెలియదు.

తల్లి స్టూలు మీంచి లేచి వచ్చి కూతురి వెనక నిలబడింది. "పిల్ల ఏం చెబుతుందే?" అంది మెల్లగా.

"తెలీదమ్మా," అంది కత్తెర. "ఏది చెప్పినా, చెప్పే హక్కు దానికుంది."

నూట పదమూడు కాగితాలనూ చేత్తో ఒకసారి సర్ది, వాటి మీద ఆ పగిలిన ఫోన్ బరువుగా పెట్టి, సంతకం చేసింది.